నడుము నొప్పి, అమ్మ మోకాళ్లు, రోజుకు 110 కిలోమీటర్లు.. అలసట రాని బండి ఏదన్న ఉన్నదా?

హన్మకొండ లెక్కల సార్

అందరికి నమస్కారం. చాన రోజుల సంది ఈ కార్ల గ్రూపుల చదువుడే గని రాసుడు లేదు, ఇయ్యాల నడుము రాయిస్తున్నది. నాకు 54. ఉండేది నయీంనగర్, బడి ములుగు దాటినంక, పోను రాను రోజు 110 కిలోమీటర్లు. ముందు బస్సుల పోయేటోన్ని, కరోనా అప్పటి సంది నా చిన్న కారులనే పోతున్న, పదకొండేండ్ల కింద కొన్నది, గేర్ల బండి. పొద్దుగాల ఆత్మకూరు దాటినంక రోడ్డు ఖాళీగ మంచిగనే ఉంటది. సాయంత్రం తిరిగొచ్చి ములుగు రోడ్డు నుంచి హన్మకొండ చౌరస్తాల వడ్డనంటే మాత్రం క్లచ్ తొక్కుడు ఇడుసుడు, తొక్కుడు ఇడుసుడు, ఇంటికొచ్చి బండి దిగినంక గేటు పట్టుకొని రెండు నిమిషాలు నిలబడాలె, అప్పుడు గని నడుము నిటారు కాదు. డిస్క్ జర జరిగిందట, ఆపరేషన్ అక్కర్లేదు కుదుపులు తగ్గించుకో అన్నరు డాక్టర్. బస్సుల పో అంటది మా ఇంటామె, బస్సుల కుదుపులు ఉండయా అంట నేను, గట్లనే నడుస్తున్నది ఏడాది సంది.

ఇంకోటి మా అమ్మ. 78 ఏండ్లు, రెండు మోకాళ్లు అరిగినయి. నెలకోసారి హైదరాబాద్ తీస్కపోవాలె చూపించనీకి. నా బండిల కూసునేటప్పుడు దభీమని కూలబడ్డట్టు పడతది, దిగేటప్పుడు ఇద్దరం చెరొక రెక్క పట్టాలె. మా మేనల్లుని పెద్ద బండి ఉన్నది, అదేమో ఎత్తు, ఎక్కలేదు, వాడు అమ్మమ్మ కోసం డిక్కీల పీట పెట్టుకొని తిరుగుతున్నడు పాపం.

జీపీఎఫ్, అంటె మా సర్కారు నౌకరోళ్ల పీఎఫ్ల నుంచి తీస్తున్న, అన్ని కలిపి రోడ్డు మీదికి వచ్చేసరికి 18 లక్షలు దాటొద్దు. స్పీడు వద్దు, పోరగాండ్లు తిరిగి చూసుడు వద్దు. దిగినంక మనిషిలెక్క ఉండాలె, కొన్నంక మనసు గూడ నిమ్మలంగ ఉండాలె, గంతే. సెడానా (ఎన్క డిక్కీ వేరేగ ఉండే తక్కువ ఎత్తు కారు), ఎత్తు బండా, హైబ్రిడ్ అంటున్నరు అదేంది, ఆటోమేటిక్ల ఏది మంచిది, జర తెలిసినోళ్లు చెప్పున్రి.

కిరాయి ఇన్నోవా

సార్ నమస్తే. నేను 2003 సంది కిరాయి నడుపుతున్న, ముందు క్వాలిస్, అటెన్క పాత ఇన్నోవా, ఇప్పుడు క్రిస్టా. అందరు ఇన్నోవా కొనుమనే చెప్తరు, నేను మాత్రం మీకు వద్దంట. ఎందుకంటె మీరు రోజు పోయేది ఒక్కలు. క్రిస్టా కింద చాసీ లారీ లెక్క వేరేగ ఉంటది, ఏడుగురు మనుషులు సామాన్లు మోసేటట్టు చేసిన బండి, నిండ మంది కూసుంటె ముద్దలెక్క పోతది, ఒక్కలే పోతుంటె ఎన్క భాగం తేలికగ ఎగురుతది. ఖాళీ ట్రాలీ, లోడ్ ట్రాలీ నడిపినోనికి తెలుస్తది ఈ తేడా. రేటు గూడ మీ 18ల రాదు. ఇన్నోవాలనే హైక్రాస్ అని ఇంకోటి ఉన్నది, అది చాసీ బండి కాదు, కార్ లెక్కనే ఒకటే డబ్బా, ఖాళీగున్నా మెత్తగుంటది గని దాని రేటు గూడ మీ 18ల రాదు.

కంఫర్ట్ అంటె చాన మంది బండి పేరు చూస్తరు, నేను సీటు ఏడున్నదో చూస్త. ముందు చక్రాలకు ఎన్క చక్రాలకు నడిమిట్ల కూసున్నోనికి కుదుపు తక్కువ, చక్రం మీద కూసున్నోనికి ఎక్కువ. ఆర్టీసీ బస్సుల లాస్ట్ సీటు ఎవ్వడు అడగడు, నాలుగైదు వరసల సీటు కోసం కర్చీఫ్ ఏస్తరు, గదే లెక్క కార్లకు గూడ. ఇన్నోవాల గూడ మేడారం పోయేటప్పుడు ముసలోళ్లను మధ్య వరసల కూసోపెడత, లాస్ట్ వరసల పోరగాండ్లను ఎక్కిస్త. అమ్మను ఎన్క సీట్ల కాకుండ ముందట మీ పక్కన కూసోపెట్టున్రి, కాళ్లు చాపుకోనీకి జాగుంటది, సీటు ఎన్కకు జరుపొచ్చు.

ఎక్కేటప్పుడు ఒక చిట్కా చెప్త. సీటు మీద పాలిథిన్ కవర్ ఒకటి పరువున్రి, బట్టల దుకాణపోళ్లు ఇస్తరు సూడు గసోంటిది. అమ్మ ముందు బయటికి మొఖం పెట్టి అడ్డంగ కూసోవాలె, కూసున్నంక కవర్ మీద మెల్లగ జారుకుంట తిరగాలె, అటెన్క ఒక్కొక్క కాలు చేతితోని ఎత్తి లోపల పెట్టుకోవాలె. తిరిగినంక కవర్ గుంజేయున్రి, లేకుంటె బ్రేక్ కొడితె ముందుకు జారుతరు. నేను ఆసుపత్రి కిరాయిలకు పోయినప్పుడల్లా గిట్లనే చేస్త.

కాజీపేట పిలగాడు

సార్ ఆటోమేటిక్ గురించి నేను చెప్త. అన్ని ఒకటే కాదు. ఏఎంటీ అంటె లోపల ఉన్నది మామూలు గేర్ల డబ్బానే, మీ కాలుకు బదులు మోటార్ క్లచ్ తొక్కుతది, చవుక, మైలేజ్ మంచిగిస్తది, గని గేర్ మారినప్పుడల్లా తల జర ముందుకు ఊగుతది. సీవీటీల మెట్లు మెట్లుగ గేర్లే ఉండయి, రెండు కప్పీల మధ్య బెల్టు జరుగుతుంటది, ట్రాఫిక్ల వెన్నపూస, గట్టిగ తొక్కితె మాత్రం ఇంజన్ మొత్తుకుంటది బండి నిదానంగ కదులుతది. టార్క్ కన్వర్టర్ అంటె ఇంజన్ కు గేర్లకు మధ్యల నూనె తిరుగుతది, ఏండ్ల సంది ఉన్న టెక్నాలజీ, నున్నగ పోతది. డీసీటీల రెండు క్లచ్‌లు, రయ్యిన పోతది, గని పొడి క్లచ్ రకం అయితె ఎండకాలం జాంలో పాక్కుంట పోతె వేడెక్కుతది. మీ నడుముకు సీవీటీ లేకుంటె టార్క్ కన్వర్టర్.

బండి అంటె నా ఓటు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ లేకపోతె స్కోడా స్లావియా, ఒక లీటర్ టర్బో, టార్క్ కన్వర్టర్. సెడాన్ల గూడ 179 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటది కింద. ఎత్తు బండి మలుపుల ఊగుతది, సెడాన్ నేలకు అతుక్కొని పోతది, పస్రా దాటినంక తాడ్వాయి అడవిల ఆ మలుపులల్ల నడిపితె సార్, అబ్బ.

కిరాయి ఇన్నోవా

పిలగా అంత మంచిగనే చెప్పినవ్ గని అమ్మ ఎట్ల ఎక్కుతదిరా దాంట్ల.

కాజీపేట పిలగాడు

అన్నా అది ఆలోచించలే 🙏

టైర్ల దుకాణం

సార్ నేను ఇరవై ఏండ్ల సంది టైర్ల పనిల ఉన్న. బండి మార్చెటందుకు ముందు ఇప్పుడున్న బండి టైర్లల్ల గాలి చూపించుకున్నరా? మా దగ్గరికి వచ్చేటోళ్లల్ల సగం మంది "నలభై కొట్టు అన్నా మైలేజ్ వస్తది" అంటరు. కొడ్త, నాదేం పోయింది. ఆ బండి గుంతల పడ్డప్పుడు టైరు కాదు బొక్కలు దెబ్బతింటయి. డ్రైవర్ డోర్ తెరిచి పక్కన పట్టీ మీద చూడున్రి, స్టిక్కర్ ఉంటది, ఇద్దరుంటె ఎంత, నిండ మంది ఉంటె ఎంత అని కంపెనీవోడే రాసిపెట్టిండు. పొద్దుగాల టైర్లు సల్లగున్నప్పుడు చూపించుకోవాలె, ములుగు నుంచి ఎండల వచ్చినంక చూస్తె రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపెడతది, అప్పుడు తీయిస్తె తెల్లారి తక్కువైతది. నైట్రోజన్ నింపుమని అడుగుతరు కొంతమంది, మామూలు గాలిల 78 శాతం నైట్రోజనే ఉన్నది, వారం వారం చూపించుకునేటోనికి గదే సరిపోతది.

ఇగ కొత్త బండి కొనేటప్పుడు పెద్ద వేరియంట్ అని పెద్ద చక్రాలకు ఆశపడకున్రి. మీరు లెక్కల సార్ కదా, టైరు మీద 185/65 ఆర్ 15 అని ఉంటది, 185ల 65 శాతం అంటె 120 మిల్లీమీటర్లు, గది రబ్బరు గోడ ఎత్తు, గది మీకు పరుపు. అదే బండికి పోరగాండ్లు 205/45 ఆర్ 17 వేయిస్తరు, లెక్క చేయున్రి, 92 వస్తది. చూపుకు మస్తుంటది, 28 మిల్లీమీటర్ల పరుపు తీసి రోడ్డు మీద పారేసినట్టే. 215/65 ఆర్ 16 టైరుకు దగ్గర దగ్గర 140 వస్తది, పాత డస్టర్‌కు గవే టైర్లు, ఆ బండ్లు ఇప్పటికి గుంతలల్ల ఎట్ల పోతయో ఊర్లల్ల చూసినోళ్లకు ఎరుకే. కింది వేరియంట్ చిన్న చక్రం బండి, పై వేరియంట్ పెద్ద చక్రం బండి రెండూ నడిపి చూడున్రి, నమ్మరు మీరు.

సుబేదారి మేడం

సార్, నేను బ్యాంకుల చేస్త. అందరు నడిపేటప్పుడు సుఖం గురించే చెప్తున్నరు, ఇంట్ల పెట్టుకున్నంక సుఖం గురించి నేను చెప్త, ఎందుకంటె దెబ్బ తిన్నది అక్కడనే.

మూడేండ్ల కింద మస్తు ఫీచర్లున్న బండి కొన్నం, కంపెనీ పేరు అడగొద్దు. పైన మొత్తం అద్దం, తెల్లారి ఆఫీసుల అందరు వచ్చి చూసిండ్రు. మే నెల వచ్చింది. 44 డిగ్రీలల్ల మధ్యాన్నం బ్యాంకు ముందట నిలబెట్టి మూడింటికి తెరిస్తె లోపల ఇడ్లీపాత్ర లెక్క, ఆ అద్దం మీదున్న గుడ్డ తెర గూడ కాలుతుంటది. సరే అది ఎండ తప్పు అనుకుందాం. అటెన్క స్క్రీన్ నల్లగ అయిపోయింది, ఏసీ తగ్గించుడు పెంచుడు అంత ఆ స్క్రీన్‌లనే, బటన్ ఒక్కటి లేదు. షోరూం వోళ్లు మా దగ్గర కాదు హైదరాబాద్ తీస్కపోవాలె అన్నరు. రెండేండ్లల్ల మూడుసార్లు పోయిన, ఒక్కసారి తొమ్మిది రోజులు అక్కడనే ఉన్నది, నేను రైలుల తిరిగొచ్చిన. చివరికి ఎట్లయిందంటె బండి మంచిగ పోతున్నా గూడ ఏదన్న చిన్న చప్పుడు వినవడితె గుండె దడ, పాటలు పెట్టుకునుడు బందు చేసిన, చప్పుళ్లు వినుడే పని. సీటు మెత్తగుంటె ఏం చేసుకోవాలె సార్ గప్పుడు.

అమ్మేసి వాగన్ ఆర్ ఆటోమేటిక్ తీస్కున్న, మా వాళ్లు నవ్విండ్రు. పైన పిలగాడు చెప్పినట్టు ఏఎంటీ తల ఊపుతది, నిజమే, గేర్ మారే టైముకు యాక్సిలేటర్ మీద కాలు జర లేపితె ఆ ఊపు పోతది, వారంల అలవాటయితది. హైవే మీద వంద దాటితె గాలి చప్పుడు గూడ ఉంటది. గని మా అత్తమ్మ దాంట్ల ఎక్కుడు దిగుడు చూడాలె, కుర్చీల కూసున్నట్టు కూసుంటది, లేస్తది. సీటు ఎత్తు మోకాళ్లకు సమానంగుంటె ఒంగుడు లేదు ఎక్కుడు లేదు, గదొక్కటే కొలత. బండి పొడుగు 3655 మిల్లీమీటర్లు, మా బాలసముద్రం గల్లీల వేరే వాళ్లు క్రెటా పెడతరు, అది 4330, రోజు రాత్రి నాలుగుసార్లు ముందుకు ఎన్కకు, ఎన్కకు ముందుకు, పక్కింటోళ్లు అరుగు మీద కూసొని చూస్తుంటరు. నేను ఒక్కసారిల పెట్టి తాళం తీసి ఇంట్లకు పోత. మీరు రోజు 110 కిలోమీటర్లు అంటున్నరు కాబట్టి ఇదే కొనున్రి అనను, జర పెద్దదే కావాలె మీకు, గని సర్వీస్ సెంటర్ వరంగల్ల ఉన్నదా, అక్కడ ఆ మోడల్ మీద చెయ్యి తిరిగినోడు ఉన్నడా, ఇది సీటు కన్న ముందు అడుగున్రి.

పాత బండ్ల పిచ్చి

కంఫర్ట్ అనంగనే నాకు మా పెదనాన్న అంబాసిడర్ యాదికొస్తది, ములుకనూరు నుంచి హన్మకొండ దాక ఎన్క సీట్ల ఐదుగురు పిల్లలం, ఒకని మీద ఒకడు పండుకొని నిద్రపోయి వచ్చేటోళ్లం. బ్రిటన్‌ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బండిని తెచ్చి 1958ల పేరు మార్చి బెంగాల్‌ల ఉత్తరపాడల మొదలుపెడితె 2014 దాక అదే ఆకారంల చేసిండ్రు. సీటు సోఫా, ఎన్క కమాన్ పట్టీలు, గుంతల పడితె ధన్ అనదు, ఊయల లెక్క ఊగి ఊగి ఆగుతది. గని పెదనాన్నను అడిగితె వేరే కథ. పవర్ స్టీరింగ్ లేదు, హన్మకొండ చౌరస్తాల తిప్పాలంటె సీట్ల నుంచి లేచి తిప్పేటోడు, బ్రేక్ మీద నిలబడాలె, ఇంటికొచ్చి భుజాలకు జండూబామ్. ఎన్క కూసున్నోళ్లది ఒక సుఖం, ముందు నడిపేటోనిది ఒక సుఖం, రెండూ ఇచ్చిన బండి నాకు తెలిసి చాన తక్కువ.

ఈ విషయంల ప్రపంచంల పట్టుపట్టి పనిచేసింది ఫ్రాన్స్ సిట్రోయెన్ వోళ్లు. అక్కడి రైతుల కోసం టూ సీవీ అని చిన్న బండి చేసిండ్రు, 1948ల బయటికొచ్చింది, దానికి కంపెనీ పెద్దసారు పెట్టిన షరతు ఏందంటె దున్నిన పొలంల నుంచి గుడ్ల బుట్టతోని పోతె ఒక్క గుడ్డు పగులొద్దు. 1955ల డీఎస్ అని ఇంకోటి తెచ్చిండ్రు, దాంట్ల స్ప్రింగులే లేవు, గోళాలల్ల గ్యాసు, నూనె, బండి స్టార్ట్ చేస్తె కూసున్న ఒంటె లేచినట్టు మెల్లగ లేస్తది. ఇప్పుడు వాళ్లు మన దేశంల బసాల్ట్ అనే కారు అమ్ముతున్నరు, మీ బడ్జెట్లనే వస్తది, ఆ గోళాలు గీళాలు ఉండయి, మామూలు స్ప్రింగులే, ఒకసారి మన రోడ్డు మీద నడిపి చూడున్రి. మేడం చెప్పిన సర్వీస్ మాట మాత్రం అడిగినంకనే.

హన్మకొండ లెక్కల సార్

అందరికి థాంక్స్, ఇంత ఓపికతోని రాస్తరనుకోలే. టైరన్నా, పొద్దుగాల పోయి చూపించిన, నాలుగు టైర్లల్ల 42, 41, 38, 42 ఉన్నది. స్టిక్కర్ మీద 33 ఉన్నది. పదకొండేండ్ల సంది ఆ స్టిక్కర్ పక్క నుంచే ఎక్కి దిగుతున్న, ఒక్కనాడు చదువలే, పిల్లలకు ప్రశ్న రెండుసార్లు చదువున్రి అని చెప్పేది నేనే. 33 పెట్టించిన, మూడు రోజులయింది, ఆత్మకూరు దగ్గర స్పీడ్ బ్రేకర్ల మీద తేడా తెలుస్తున్నది, నడుము పూర్తి తగ్గలేదు గని సాయంత్రం గేటు పట్టుకునుడు ఒక నిమిషానికి వచ్చింది.

పాలిథిన్ కవర్ గూడ పనిచేసింది. అమ్మ "ఇన్నేండ్లు ఈ తెలివి యాడికి పోయిందిరా" అన్నది.

షోరూంల టయోటా హైరైడర్ నడిపిన, హైబ్రిడ్ది, అంటె పెట్రోల్ ఇంజన్, బ్యాటరీ మోటార్ రెండూ ఉంటయి. ట్రాఫిక్ల ఇంజన్ బందయి బ్యాటరీ మీదనే పోతది, చప్పుడు లేదు, ఎత్తు అమ్మకు సరిపోయింది. గని డిక్కీల బ్యాటరీ పెట్టిండ్రు, అమ్మ వాకర్ మడిచి పెడితె ఇంకో బ్యాగు పట్టుడు కష్టం. కరెంటు బండి ఎవరన్న నడుపుతున్నరా ఇటువైపు? భయం ఏందంటె దారిల ఆగిపోతదని.

కరెంటు బండి

సార్ మాది హసన్‌పర్తి. ఎంజీ విండ్సర్ ఏడాది సంది నడుపుతున్న, రోజు కరీంనగర్ పోను రాను, ఆ నాలుగు లైన్ల రోడ్డు పని మధ్యల నుంచి, డైవర్షన్లు దుమ్ము అన్ని చూసిన. నాది 38 యూనిట్ల బ్యాటరీ, కంపెనీ 331 కిలోమీటర్లు అంటది, ఏసీ వేసి నలుగురితోని నాకు 240 దాక వస్తది, అంతకన్న ఎక్కువ నమ్ముకోకున్రి. ఇంకో రకం 52.9 యూనిట్లది ఉన్నది, హైదరాబాద్ ఎక్కువ పోయేటోళ్లు దాన్ని చూడాలె. రాత్రి పదింటికి ప్లగ్ పెడత, తెల్లారేసరికి అయిపోతది, 15 యాంపుల పాయింట్ కావాలె, ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తింగ్ సరిగ్గున్నదా చూపించున్రి, దీంట్ల పిసినారితనం వద్దు.

నడుము సంగతి చెప్త. గేర్లు లేవు, క్లచ్ లేదు, ఇంజన్ వణుకుడు లేదు. సాయంత్రం ఇంటికొచ్చినంక చెవుల్ల గుయ్యి అనుడు పోయింది, ఇన్నేండ్లు అలసట కాళ్లల్ల అనుకున్న, సగం చెవులల్లనే ఉండె. ఎన్క సీట్లు 135 డిగ్రీల దాక వంగుతయి, కాళ్లు మస్తు చాపుకోవచ్చు, కింద గచ్చు సమానంగుంటది. గని బండి నడుస్తుంటె మొత్తం వంచి పండుకోవద్దు, బెల్టు నడుము మీద నుంచి జారి పైకొస్తది, బ్రేక్ కొడితె ప్రమాదం, ఆగినప్పుడు పండుకోమనున్రి.

బాగలేనియి గూడ చెప్తున్న. ఏసీ అంత స్క్రీన్‌లనే, మేడం బాధ నాకు అర్థమైతది, నడుపుకుంట వేలు పెట్టి వెతుకుడు నాకు నచ్చది, బయలెల్లే ముందే సెట్ చేసుకుంట. ఇంకోటి, యాక్సిలేటర్ ఇడవంగనే బండి దానంతట అది ఆగేటట్టు గుంజుతది, బ్యాటరీకి కరెంటు తిరిగి పోతది, అది ఎక్కువ పెట్టుకుంటె నడిపేటోనికి మజా, ఎన్క కూసున్నోళ్లకు వాంతులు. మా బిడ్డ రెండుసార్లు కక్కినంక నాకు తెలివొచ్చింది, తక్కువ మీద పెట్టిన, మళ్ల ఆ ముచ్చట లేదు. కరెంటు బండ్లకు మన రాష్ట్రంల రోడ్ టాక్స్ రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ 2026 డిసెంబర్ 31 దాక అన్నరు, కొనేటప్పుడు ఒకసారి అడిగి కన్ఫం చేసుకోన్రి.

షోరూం వోడు రెండు కిలోమీటర్లు తిప్పి తెస్తడు, దాంట్ల ఏం తెలుస్తది సార్. ఆదివారం నా బండి తీస్కపోన్రి, నేను గూడ వస్త, అమ్మను ఎక్కించుకొని మీ బడి రోడ్డు మీదనే పోయొద్దాం. చాయ్ తాపియ్యాలె గంతే.

సుబేదారి మేడం

తమ్ముడు మంచి మాట చెప్పిండు. సార్, పోయేటప్పుడు ప్యాంటు ఎన్క జేబుల పర్సు తీసి ముందట పెట్టుకోన్రి. మా ఆయనకు గదే, ఒక పక్క ఎత్తు మీద రోజు గంట గంట కూసొని నడుము పట్టుకుంటుండె, పర్సు తీసినంక చాన తక్కువైంది. సీటు గూడ మరీ ఎన్కకు వంచొద్దు, నిలువుగ వద్దు, జర వాలు, మోకాళ్లు కొంచెం మడతల ఉండాలె.

కాజీపేట పిలగాడు

సార్ 2025 సెప్టెంబర్ 22 సంది జీఎస్టీ మారింది కదా, నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజన్ బండ్లకు 18 శాతం, పెద్దయి 40, కరెంటు బండ్లకు 5. మీరు ఏది కొన్నా పాత రేట్ల వీడియోలు చూసి పోవద్దు, చాన మంది గట్లనే లొల్లి పెట్టుకుంటున్నరు. వర్టస్ ఇంకోసారి ఆలోచించున్రి 😄

కిరాయి ఇన్నోవా

నీకు పెండ్లయి పిల్లలైనంక గూడ వర్టసే అంటవారా నువ్వు.

హన్మకొండ లెక్కల సార్

ముందుగాల లెక్క, అలవాటు పోదు. నా పాత బండి లీటరుకు 18 ఇస్తది, 110 కిలోమీటర్లకు ఆరు లీటర్ల పైన, నూట ఏడు రూపాయలు వేసుకుంటె రోజుకు 650. తమ్ముడు యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వస్తది అన్నడు, 17 యూనిట్లు, యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 170. రోజుకు 480, బడి నడిచే 24 రోజులకు పదకొండున్నర వేలు. రెండుసార్లు వేసి చూసిన, అంతే వస్తున్నది. పెద్ద బ్యాటరీది ఒక లక్ష రెండు లక్షలు మీదికి పోయినా రిటైర్ అయ్యేలోపే తీరిపోతది.

ఇగ ఆదివారం సంగతి. తమ్ముడు పొద్దుగాల ఏడింటికే బండి తెచ్చిండు. అమ్మ గేట్ల నిలబడి పైకి కిందికి చూసింది, పీట తేవాల్నా అన్నది. వద్దన్న. అడ్డంగ కూసున్నది, మెల్లగ తిరిగింది, కవర్ గుంజిన. ముందు సీటు వద్దట, ఎన్కనే కూసుంటదట, ముందు కూసుంటె ఎదురుంగ వచ్చే లారీలు చూసి భయమట. సరేనని ఎన్కకు మార్చినం, అక్కడ గూడ ఒక్కతే ఎక్కింది, తమ్ముడు చెయ్యి ఇయ్యబోతె వద్దన్నది. సీటు జర వాలుగ పెట్టి బెల్టు పెట్టిన.

నేను నడిపిన. మొదటి పది నిమిషాలు ఎడమ కాలు ఊకె క్లచ్ కోసం వెతికింది, లేదు, దానికి ఏం పనిలేక ఊకున్నది పాపం. ములుగు రోడ్డు దాటినం, ఆత్మకూరు దాటినం, స్పీడ్ బ్రేకర్ల మీద చిన్న చక్రాలయితె ఇంకా మెత్తగుండునేమో, టైరన్న మాట యాదికొచ్చింది, ఆడ జర గట్టిగనే ఉన్నది, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. ఒక దగ్గర వడ్లు ఎండపోసిండ్రు రోడ్డు సగం దాక, చుట్టూ రాళ్లు పెట్టి, పక్కకు తీసుకున్న, బండి ఊగలేదు. తమ్ముడు నేను బడి ముచ్చట్లు, కరెంటు ముచ్చట్లు, గట్టిగ మాట్లాడే పనే లేదు, ఇంట్ల కూసొని మాట్లాడినట్టు.

మా అమ్మ సంగతి మీకు తెల్వది. ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు పోయినా ములుగు వస్తుందంటెనే కొంగు సర్దుకుంటది, గట్టమ్మ తల్లి గుడి దగ్గర ఆపాలె, కొబ్బరికాయ కొట్టాలె, దండం పెట్టాలె, అటెన్కనే ముందుకు. మొన్న ఎన్క నుంచి సప్పుడు లేదు. అద్దంల చూసిన, నోరు జర తెరిచి నిద్రపోతున్నది, అద్దాలు ముక్కు మీదికి జారినయి. లేపబుద్ధి కాలే. గట్టమ్మ గుడి దాటిపోయినం. ములుగు బస్టాండు దాటి చాయ్ హోటల్ ముందట ఆపితె అప్పుడు కండ్లు తెరిచి "గట్టమ్మ రాలేదా ఇంకా" అన్నది. దాటినం అమ్మా అన్న. ఇగ చూడున్రి, తమ్ముని ముందటనే, యాభై నాలుగేండ్లు వచ్చినయి గని బుద్ధి రాలే, తల్లిని పలకరియ్యకుండ పోతవా, బండి తిప్పు. చాయ్ తాగకుండనే తిప్పిన. కొబ్బరికాయ కొట్టినంకనే శాంతమైంది, మళ్ల వచ్చేటప్పుడు ఆత్మకూరు దాక నిద్ర.

నా నడుము గురించి ఎవరు అడుగలే ఇంట్ల. నేను గేటు పట్టుకోకుండ లోపలికి పోయిన, మా ఇంటామె చూసింది గని ఏమనలే.

పెద్ద బ్యాటరీది బుక్ చేసిన నిన్న. వరంగల్ సర్వీస్ సెంటర్‌కు పోయి మేడం చెప్పినట్టు అడిగినంకనే చేసిన. ఎర్తింగ్‌కు ఎలక్ట్రీషియన్ రేపు వస్తడు. టైరన్నా, కొత్త బండికి గాలి ఎంత పెట్టుమంటవు?

టైర్ల దుకాణం

సారూ.. డోర్ తెరువున్రి.